పుచ్చుకునే చేయి

పరాయి దేశంలో, ఓ చిన్న దీవిలో రెండేళ్లు ఉండి నలుగురికీ పనికొచ్చే పని చేసి రావాలనుకునేవాళ్లు బయల్దేరే ముందు ఒక లెక్క వేసుకుంటారు. అక్కడివాళ్లకు ఏమేం లేవు, నా దగ్గర ఏమేం ఉన్నాయి అని. ఇంగ్లిషు చెప్పగలను, కంప్యూటర్ నేర్పగలను, నర్సింగ్ తెలుసు, పద్దులు రాయడం వచ్చు అంటూ జాబితా తయారవుతుంది. అది అవసరమే. అయితే అందులో ఉన్నవన్నీ ఇచ్చేవే. పుచ్చుకోవడానికి ఎలా సిద్ధపడాలో ఒక్క మాటైనా ఉండదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే: చిన్న ఊళ్లో, అందులోనూ చుట్టూ సముద్రం ఉన్న ఊళ్లో, వాలంటీరు మొట్టమొదట నేర్వవలసిన విద్య పుచ్చుకోవడం. వాళ్లు పెట్టే అన్నం పుచ్చుకోవాలి. మందలింపు పుచ్చుకోవాలి. వాళ్ల వేళల్ని మన వేళలుగా పుచ్చుకోవాలి. అలా ఊరికి బాకీ పడిన తర్వాతే ఆ ఊళ్లో మన చేతికి పని దొరుకుతుంది. సేవ చేయడానికి వెళ్లేవాడికి ఇది తలకిందుల మాటలా తోస్తుంది. అందుకే ఆధారాలు చూపిస్తాను, ఎదురు ప్రశ్నలకూ జవాబు చెబుతాను.

గాలిలో మాట్లాడకుండా ఒక చోటు పట్టుకుందాం. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా. ఉపోలు, సవాయి అని రెండు పెద్ద దీవులు, వాటి పక్కన కొన్ని చిన్నవి. దేశం మొత్తం జనాభా సుమారు 2 లక్షలు. న్యూజిలాండ్ పాలన నుంచి 1962 జనవరి 1న స్వతంత్రమైంది. అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్ 1967లో ఇక్కడికి వాలంటీర్లను పంపడం మొదలుపెట్టింది. ఆ సంస్థ పద్ధతిలో గడువు మామూలుగా 27 నెలలు: మొదటి మూడు నెలలు భాష, అలవాట్లు నేర్చుకునే శిక్షణ, ఆ పైన రెండేళ్లు పని. అందులో చేరాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. అంటే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలకు ఆ దారి ఉంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం ద్వారా రకరకాల దేశాలకు వెళ్లవచ్చు. ఎవరు పంపినా, సమోవాలో ఊరికి వెళ్లినవాళ్లు చివరికి చేరేది ఒక కుటుంబం పంచకే. అక్కడ కుటుంబమంటే నలుగురు కాదు. ఐంగా అనే పెద్ద బంధుబలగం. ఆ బలగం తనకో పెద్దను ఎన్నుకుంటుంది, ఆయన్ని మతాయి అంటారు. ఊళ్లోని మతాయిలంతా కూర్చునే సభ ఫోనో. ఊరి కట్టుబాట్లూ తగవులూ జరిమానాలూ అక్కడే తేలతాయి. ఆ అధికారాన్ని 1990లో చట్టం కూడా గుర్తించింది. దేశంలోని భూమిలో దాదాపు 80 శాతం ఆచారం ప్రకారం ఈ బలగాల ఉమ్మడి ఆస్తి.

ఇలాంటి ఊరికి సేవ చేస్తానని వెళ్లేవాళ్లు ముందు ఒక సామెత తెలుసుకోవాలి. ‘ఓ లే ఆలా ఇ లే పులే ఓ లే తౌతువా’ అంటారు సమోవన్లు. పెత్తనానికి దారి సేవే అని దాని అర్థం. తౌతువా అంటే సేవ. పదేళ్ల పిల్లవాడు పెద్దల ముందు పళ్లెం పెట్టి చేతులు కడుక్కోవడానికి నీళ్లు తేవడం తౌతువా. యువకులు ఆదివారం తెల్లవారకముందే లేచి రాళ్లు కాల్చి, ఉము అనే పొయ్యిలో ఇంటిల్లిపాదికీ వండటం తౌతువా. బయటి దేశంలో ఉద్యోగం చేస్తూ ఇంటికి డబ్బు పంపడం కూడా తౌతువాయే. ఏళ్ల తరబడి అలా చేసినవాడినే బలగం రేపు మతాయిగా ఎంచుకోవాలని చూస్తుంది. కాబట్టి సేవ అనేది మనం సూట్‌కేసులో పెట్టుకుని తీసుకెళ్లే కొత్త వస్తువేమీ కాదు. ఆ ఊరంతా పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని అది. ఆ వరుసలో మనది ఆఖరి స్థానం. పళ్లెం ఎలా పట్టుకోవాలో, ఎవరికి ముందు అందించాలో మనకు చూపించేది ఆ పదేళ్ల పిల్లవాడే. ఈ సంగతి ఒప్పుకున్నవాళ్లకు మిగతాది సులువవుతుంది.

పుచ్చుకోవడం అంత ముఖ్యం ఎందుకయింది? ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మాస్ 1925లో కానుకల మీద ఒక ప్రసిద్ధమైన వ్యాసం అచ్చువేశాడు. అందులో ఆయన మొదట ఎత్తుకున్న ఉదాహరణల్లో సమోవా ఉంది. ఇలాంటి సమాజాల్లో మూడు బాధ్యతలు కలిసి ఉంటాయని ఆయన గమనించాడు: ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగి ఇవ్వాలి. మధ్యది తెగిపోతే మిగతా రెండూ నిలబడవు. పుచ్చుకోనన్న మనిషి చుట్టరికమే వద్దన్నట్టు. దీన్ని అర్థం చేసుకోవడానికి తెలుగువాళ్లం ఫ్రాన్సు దాకా పోనక్కర్లేదు. ‘ఇస్తినమ్మ వాయనం’ అన్న తర్వాత ‘పుచ్చుకుంటినమ్మ వాయనం’ అనేవాళ్లు లేకపోతే నోము పూర్తికాదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పెళ్లిలో చదివింపులు పైకి చదివి పుస్తకంలో రాయించడం ఎందుకు? రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే మనం ఎంత చదివించాలో గుర్తుండటానికి. సమోవాలోనూ పెళ్లికీ చావుకీ మతాయి పట్టం కట్టే వేడుకకూ బంధువులు తెచ్చినవాటిని నలుగురిలో గట్టిగా ప్రకటిస్తారు. సన్నటి నారతో ఆడవాళ్లు నెలల తరబడి అల్లే చాపలు చేతులు మారతాయి. ఆ చాపల అల్లికను 2019లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఇలాంటి పద్దు నడిచే ఊళ్లోకి వెళ్లి, ‘నాకేమీ వద్దు, నేను ఇవ్వడానికే వచ్చాను’ అంటే మన ఉద్దేశం త్యాగమే కావచ్చు. వాళ్లకు వినబడేది మాత్రం వేరు: ‘మీ పద్దులో నా పేరు రాయకండి’ అని. ఎంత ఇచ్చినా అలాంటి మనిషి బయటివాడిగానే మిగిలిపోతాడు.

ఈ మాట మర్యాదకు సంబంధించినది మాత్రమే అనుకుంటే పొరపాటు. నమ్మకం లేకపోతే బయటి నుంచి వచ్చిన మేలు ఎలా ఆగిపోతుందో సమోవా చరిత్రే చెబుతుంది. 1918 నవంబరు 7న టలూన్ అనే ఓడ ఆక్లండ్ నుంచి సమోవాలోని అపియా రేవుకు వచ్చింది. అందులో ఇన్‌ఫ్లూయెంజా రోగులు ఉన్నా న్యూజిలాండ్ పాలకులు దాన్ని ఆపలేదు. రెండు నెలల్లో జనాభాలో అయిదో వంతు మంది పోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో ఓడల్ని కట్టడి చేశారు, అక్కడ ఈ జబ్బుతో ఒక్కరూ చనిపోలేదు. న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ 2002లో క్షమాపణ చెప్పేదాకా 84 ఏళ్లు పట్టింది. బయటివాళ్లు తెచ్చేదాన్ని ఆచితూచి పుచ్చుకునే హక్కు ఇలాంటి నేలకు ఉంటుంది. తర్వాత 2018 జూలైలో టీకా మందు కలపడంలో జరిగిన ఘోరమైన పొరపాటు వల్ల సవాయి దీవిలో ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. టీకా మంచిదే, కలపడంలోనే తప్పు జరిగిందని తర్వాత తేలింది. కానీ ప్రభుత్వం టీకాల్ని నెలల తరబడి ఆపింది. తల్లుల్లో భయం నాటుకుంది. 2019 చివర్లో తట్టు వ్యాపించి 83 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లలు. ఆ డిసెంబరు 5, 6 తేదీల్లో ప్రభుత్వ కార్యాలయాలు మూసి, టీకా వేయించుకోనివాళ్లున్న ఇంటి ముందు ఎర్రగుడ్డ కట్టమన్నారు. టీకా బృందాలు ఆ గుడ్డ చూసి ఇంటింటికీ వెళ్లాయి. ఇందులో మనకు పాఠం ఒకటుంది. మందు తయారుగా ఉండటం ఒక ఎత్తు, గుమ్మంలోకి రానివ్వడం ఇంకో ఎత్తు. ఎర్రగుడ్డ కట్టింది ఇంటివాళ్లే. లోపలికి పిలిచిందీ వాళ్లే. వైద్యం తెలిసిన వాలంటీరుకైనా, పాఠం చెప్పే వాలంటీరుకైనా ఆ పిలుపు వచ్చేదాకా చేతిలో ఉన్నది చేతిలోనే ఉంటుంది.

బాగుపడిన కథ కూడా ఒకటి చెప్పాలి. సమోవాలో ప్రధానమైన తిండి టారో, మన చేమదుంపల కుటుంబానిదే. 1993లో ఆకుమాడు తెగులు వచ్చి పంటను తుడిచిపెట్టింది. దేశం ఎగుమతుల్లో మొదటి వరుసలో ఉన్న పంట దాదాపు మాయమైంది. తెగులు తట్టుకునే రకాలు బయటి దీవుల నుంచి తెచ్చారు. అయితే తెగులు తట్టుకుంటే చాలదు, సమోవన్ నోటికి రుచించాలి కదా. 1999 నుంచి అపియా దగ్గరి అలాఫువా వ్యవసాయ క్యాంపస్‌లో శాస్త్రవేత్తలు రైతుల్ని కూర్చోబెట్టుకుని సంకర రకాలు తయారుచేశారు. రైతులే తమ చేలలో వేసి, ఉడకబెట్టి తిని, ఏది ఉంచాలో ఏది పారేయాలో చెప్పారు. టారో మళ్లీ నిలబడింది. శాస్త్రవేత్త దగ్గర మొక్కల విద్య ఉంది, రైతు దగ్గర నాలుక ఉంది. ఆ నాలుక తీర్పును పుచ్చుకున్నందుకే విద్య పండింది.

ఇక రోజువారీ బతుకులోకి వద్దాం, ఎందుకంటే పుచ్చుకోవడమనే విద్య అభ్యాసం అయ్యేది అక్కడే. పాత పద్ధతిలో కట్టిన సమోవా ఇంటిని ఫాలే అంటారు. గుండ్రటి చూరు, చుట్టూ స్తంభాలు, గోడలుండవు. వాన వస్తే కొబ్బరాకు తడికలు దించుతారు. ఇప్పుడు గోడల ఇళ్లు చాలా వచ్చాయి గానీ ఆ తెరిచి ఉండే తత్వం పోలేదు. దారినపోయే మనిషిని ఇంట్లోంచి ‘వచ్చి తిని వెళ్లు’ అని కేకేయడం అక్కడ మర్యాద. మన పల్లెల్లో ‘రండి, భోంచేద్దురుగాని’ అన్నట్టే. ఆ పిలుపుకు ప్రతిసారీ ఆగనక్కర్లేదు, చిరునవ్వుతో కృతజ్ఞత చెప్పి సాగిపోవచ్చు. అయితే ప్రతిసారీ సాగిపోకూడదు. ఆగి కూర్చున్నప్పుడు మఠం వేసుకోవాలి. కాళ్లు చాపవలసి వస్తే మీద గుడ్డో చాపో కప్పుకోవాలి. కూర్చున్నవాళ్ల ముందు నుంచి నడిచేటప్పుడు కాస్త వంగి ‘తులౌ’ అనాలి, మన్నించండి అన్నట్టు. అతిథికీ పెద్దలకూ ముందు పెడతారు, పిల్లలు చివర తింటారు. కాబట్టి పళ్లెంలో పెట్టినదంతా ఊడ్చేయడం అక్కడ మర్యాద అనిపించుకోకపోవచ్చు. మీరు మిగిల్చింది వెనకాల ఎదురుచూసే పిల్లల వంతు. పుచ్చుకోవడమంటే దొరికినంతా తీసుకోవడం కాదని పళ్లెమే నేర్పుతుంది.

సాయంత్రం పొద్దుగూకే వేళ శంఖమో గంటో మోగుతుంది. ఆ వేళను ‘సా’ అంటారు. కాసేపు ఇళ్లన్నీ ప్రార్థనలో ఉంటాయి. ఊరి యువకులు రోడ్డు పక్కన నిలబడి ఎవరూ నడవకుండా చూస్తారు. ఆదివారం చర్చి, ఉములో వండిన భోజనం, నిద్ర. ఆ రోజు పని చేయడాన్నీ ఈతకు దిగడాన్నీ చాలా ఊళ్లు ఒప్పుకోవు. మన క్యాలెండర్‌లో ఇవి ఖాళీలుగా కనిపిస్తాయి. ఆ సమయంలో ఇంకో క్లాసు పెట్టొచ్చుగా అనిపిస్తుంది. అలా అనిపించిన ప్రతిసారీ గుర్తుచేసుకోవలసింది ఒకటుంది: ఊరంతా ఒకే క్షణంలో ఆగిపోయే ఆ వేళలో మీరూ ఆగారా లేదా అన్నది అందరికీ కనబడుతుంది. మతం ఏదైనా, నమ్మకం ఉన్నా లేకపోయినా, నిశ్శబ్దంగా కూర్చోవడానికి అభ్యంతరం ఉండనక్కర్లేదు. శాకాహారులకు నా సలహా, మొదటిరోజే ఇంటి పెద్దావిడతో కారణం సహా చెప్పేయండి. ఆర్నెల్ల తర్వాత చెబితే అది ఆమె వంటకు అవమానం, మొదటిరోజు చెబితే అది మీ కట్టుబాటు. కట్టుబాటును గౌరవించడం వాళ్లకు కొత్త కాదు. టారో, సీమపనస, పచ్చి అరటికాయ, కొబ్బరిపాలల్లో ఉడికిన లేత టారో ఆకులు మీకు మిగిలే ఉంటాయి.

అన్నం కంటే పుచ్చుకోవడం కష్టమైనది దిద్దుబాటు. కొత్తభాష మాట్లాడుతుంటే పిల్లలు నవ్వుతారు. బట్ట పొట్టిదైందని ముసలమ్మ అంటుంది. మీరెక్కడికి వెళ్లినా ‘ఎక్కడికి’ అని అడుగుతారు. నగరంలో పెరిగినవాళ్లకు ఇది ఊపిరాడనట్టు ఉంటుంది. కానీ ఎక్కడికని అడిగేవాళ్లు ఉన్నారంటే, మీరు తిరిగి రాకపోతే వెతికేవాళ్లు ఉన్నారని అర్థం. 2009 సెప్టెంబరు 29న ఉపోలు దక్షిణ తీరాన్ని సునామీ ముంచినప్పటిలాంటి ఉదయాల్లో ఎవరింట్లో ఎవరున్నారో ఇరుగుపొరుగుకు తెలిసి ఉండటం ప్రాణాలకు సంబంధించిన సంగతి. ఏకాంతం కావాలంటే దాచుకుని తెచ్చుకోకండి, అడిగి పుచ్చుకోండి. ‘ఈ గంటసేపు ఉత్తరాలు రాసుకుంటాను’ అని ఇంట్లో చెప్పి రోజూ అదే వేళకు కూర్చుంటే అదీ ఇంటి అలవాట్లలో ఒకటైపోతుంది.

ఇప్పుడు ఎదురు ప్రశ్నలు. మొదటిది, అందరికంటే ముందు మనసున్నవాళ్లే అడిగేది: తక్కువ రాబడి ఉన్న ఇంటి మీద పడి తినడం న్యాయమా? న్యాయం కాదు, తినేసి ఊరుకుంటే. నేను చెప్పే పుచ్చుకోవడం బాకీ పడటం, ఉచితంగా తినడం కాదు. కార్యక్రమం ఇచ్చే భత్యంలోంచి ఇంటికి చక్కెర, బియ్యం, సబ్బు తెచ్చి పెట్టాలి. ఆదివారం ఉముకు కొబ్బరి తురమాలి. పెళ్లికో చావుకో బలగమంతా తలా కొంత వేసుకునేటప్పుడు మీ వంతు వేయాలి. కానీ భోజనం పెట్టిన పూటే దాని ఖరీదు చేతిలో పెట్టకండి. అప్పటికప్పుడు తీర్చేసిన బాకీ హోటలు బిల్లవుతుంది. ఋణానుబంధం అన్న మన మాటలో ఋణం ముందుండి అనుబంధం వెనక ఉండటం ఊరికే జరగలేదు. కొంతకాలం మోయని ఋణంలోంచి అనుబంధం పుట్టదు.

రెండో ప్రశ్న: ఉన్నదే రెండేళ్లు, అందులో ఆర్నెల్లు తినడానికీ కూర్చోవడానికీ పోతే పనెప్పుడు? ఈ ప్రశ్నలో, కూర్చోవడం పని కాదన్న నమ్మకం దాగి ఉంది. బడిలో చదవలేని పిల్లవాడికి ఇంట్లో చదివించే అక్క ఉందా, సాయంత్రం వాడు ఎవరింట్లో ఉంటాడు, వాడి పక్కన దీపం ఉందా లేదా అన్నవి క్లాసులో తెలిసేవి కావు, చాప మీద తెలిసేవి. ఇంకో సంగతి. సమోవా ఊళ్లలో న్యూజిలాండ్ పాలన కాలం నుంచీ మహిళా కమిటీలున్నాయి. ఇళ్ల శుభ్రత, పసిపిల్లల ఆరోగ్యం వాళ్లు చూసుకుంటూ వచ్చారు. ఆర్నెల్లు కూర్చున్నవాళ్లకు ఆ కమిటీ కనబడుతుంది. కూర్చోనివాళ్లు అలాంటి ఇంకో కమిటీ పెట్టి, వాళ్లు విమానమెక్కగానే అది మూతబడటం చూస్తారు. నిదానంగా మొదలుపెట్టినవాడికే రెండేళ్లు సరిపోతాయి.

మూడోది బరువైన ప్రశ్న: పుచ్చుకుంటూ పోతే తప్పు జరుగుతున్నా నోరు మూసుకోవాలా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు అంటాం. ఆ సామెతకు హద్దు ఎక్కడో తెలుసుకోవాలి. ఇబ్బంది వేరు, హాని వేరు. పెద్దలు మాట్లాడుతుంటే యువకులు నోరెత్తకపోవడం, ఫోనో వేసే జరిమానా, పెళ్లికి చేసే ఖర్చు, ఇవి మనకు నచ్చకపోవచ్చు. వాటి మీద వాళ్లలో వాళ్లకే వాదాలున్నాయి, అవి వాళ్లు తేల్చుకుంటారు. పిల్లవాడికి దెబ్బ తగిలినా, ఆడమనిషి ఒంటి మీద గాయం కనిపించినా, మీ మీద ఎవరైనా చేయి వేసినా అది వాసాల లెక్క కాదు, ఇల్లు అంటుకోవడం. వెంటనే మాట్లాడాలి. మిమ్మల్ని పంపినవాళ్లకు చెప్పాలి, ఊళ్లో మీరు నమ్మే పెద్దావిడకు చెప్పాలి. ఆ మాట ఎవరి చెవిన వేయాలో, ఏ వేళ వేయాలో తెలిసేది కూడా అప్పటికే ఆ ఊరి అన్నం తిని, ఊరి మర్యాద నేర్చుకున్నవాళ్లకే. పుచ్చుకోవడం నోరు కట్టేయదు, చెప్పిన మాటకు బలం ఇస్తుంది.

నాలుగో ప్రశ్న అసలు పునాదినే కదిలిస్తుంది: విమాన ఖర్చు ఆ ఊరికి పంపేస్తే పోదా, మనిషి వెళ్లడం ఎందుకు? సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇల్లిచ్ 1968లో మెక్సికోలోని క్వెర్నవాకాలో అమెరికన్ యువ వాలంటీర్ల ఎదుటే నిలబడి, చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేస్తామని మాత్రం రాకండి అన్న అర్థంలో గట్టిగా మాట్లాడాడు. ఆయన విమర్శను తోసిపుచ్చలేం. భాష రాకుండా, ఎవరూ అడక్కుండా, నాలుగు వారాలు వెళ్లి గోడకు రంగువేసి ఫొటో దిగి వచ్చే పర్యటనలకు అది అక్షరాలా వర్తిస్తుంది. ఆ డబ్బు పంపడమే మేలు. అయితే ఇల్లిచ్ మాటలో మొదటి సగమే నేను ఈ అధ్యాయంలో చెబుతున్నది. చూడటానికి, నేర్చుకోవడానికి వెళ్లడం అంటే పుచ్చుకోవడానికి వెళ్లడమే. అలా రెండేళ్లున్న మనిషిని ఊరే ఏదో ఒకరోజు ‘ఇది చేసిపెడతావా’ అని అడుగుతుంది. ఆ అడిగిన పని చేయడానికి మనిషి కావాలి, డబ్బు చాలదు. అడగని సాయానికీ అడిగిన సాయానికీ ఉన్న తేడాలోనే ఇల్లిచ్‌కు జవాబు ఉంది.

వెళ్లదలచుకున్నవాళ్లకు ఆచరణగా మిగిలేది ఇది. మొదటి మూడు నెలలు కొత్త పని ఏదీ ప్రతిపాదించకండి. రోజూ రాత్రి రెండు పద్దులు రాసుకోండి: ఇవాళ నాకు ఎవరు ఏం ఇచ్చారు, నేను ఎవరికి ఏం ఇచ్చాను. మొదట్లో మొదటి పద్దే నిండుతుంది, దానికి సిగ్గుపడకండి. నాలుగో నెల నుంచి ఎవరైనా అడిగిన పని ఒకటి ఎత్తుకోండి, ఊళ్లో ఇంకొకరి చేయి పక్కన లేకుండా దాన్ని ఒక్కరోజు కూడా చేయకండి. 2020 మార్చిలో కరోనా వల్ల పీస్ కోర్ 60కి పైగా దేశాల్లోని సుమారు 7,000 మంది వాలంటీర్లను రోజుల వ్యవధిలో వెనక్కి పిలిపించింది. అలా హఠాత్తుగా వెళ్లిపోవలసి వస్తే ఏది ఆగుతుంది, ఏది సాగుతుంది అని ప్రతి నెలా మిమ్మల్ని మీరు అడగండి. ఈ పద్ధతి దీవులకే కాదు, మన్యంలో ఓ గూడేనికి మొదటిసారి బదిలీ మీద వెళ్లే టీచరుకూ నర్సుకూ పనికొస్తుంది.

గడువు తీరి బయల్దేరేనాటికి మీ రెండు పద్దులూ సరితూగవు. తీసుకున్నదే ఎక్కువ ఉంటుంది, ఉండాలి కూడా. ఆ తేడాను చివరివారంలో బహుమతులు పంచి చెరిపేయాలనుకోకండి. అది మిగలనివ్వండి. ఏళ్లు గడిచాక ఆ ఇంట్లో పెళ్లి కుదిరిందనో, పెద్దాయన పోయారనో మీకు కబురు వస్తుంది. బలగమంతా తలా కొంత వేస్తోంది, నీ వంతు ఏమిటని అందులో ఉంటుంది. ఆ కబురు వచ్చిన రోజు మీరు చేసిన సేవను ఆ ఊరు పుచ్చుకున్నట్టు.